నల్లబడని నీళ్లు

పటేలు పెట్టిన గడువు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా. ఆ లోపల మాదిగవాడ తన లందలను తానే మట్టితో పూడ్చుకోవాలి. గుడిసెలు విప్పుకొని వాగు అవతలికి పోవాలి. పోకపోతే దొర గడి నుంచి మనుషులు వచ్చి చూరుకు నిప్పు పెడతారు. పోయిన వారం కథ ఆ మాట దగ్గర నిలిచింది.

కారణం పాలబండలో అందరికీ తెలిసిందే. మృగశిర వాన పడ్డ వారానికే ఊళ్లోకి గత్తర వచ్చింది. వాంతులు, భేదులు. చేదబావి నీళ్లు తాగే ఇళ్ల నుంచే పీనుగలు లేచాయి. నీళ్లు వాసన కొడుతున్నాయని ఆడవాళ్లు అన్నారు. వాసన అనగానే మగవాళ్లకు తోళ్లు గుర్తొచ్చాయి. తోళ్లు అనగానే సుక్కమ్మ గుర్తొచ్చింది. ఊరి ఆలోచన అంతవరకే నడిచింది. ఆ తర్వాత పారలు నడిచాయి.

సుక్కమ్మ గుడిసె వెనక మూడు లందలు ఉన్నాయి. లంద అంటే తోళ్లు నానేసే గుంత, బండను తొలిచి చేసినది. ఒకదానిలో సున్నం నీళ్లు, మిగతా రెండిట్లో తంగేడు చెక్క నానిన ఎర్రనీళ్లు. పచ్చి తోలు అందులో మునిగి, మగ్గి, గట్టిపడి చెప్పు అవుతుంది, మోటకు తోలు అవుతుంది. పాలబండ రైతుల మడులకు నీళ్లు తోడిన మోటలన్నీ ఆ గుంతల్లో పుట్టినవే. ఆ సంగతి ఆ పొద్దు ఒక్కరికీ గుర్తు రాలేదు. తిన్న చెయ్యి కడుక్కున్నాక అన్నం ఎవరు పెట్టారో గుర్తుండని మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

సుక్కమ్మ పార పట్టలేదు. నెత్తిన ఒక కుండ, చంకలో ఒక ముంత, చేతిలో మోదుగాకు దొప్ప పెట్టుకొని ఊరి వైపు నడిచింది. వాగు ఇసుకలో తోడిన చెలిమ నీళ్ల కుండ, ఖాళీ మట్టి చట్టి పట్టుకొని ఆమె తమ్ముడు ఇస్రాయేలు వెనకే వచ్చాడు.

"అక్కా, పార తెస్తవనుకుంటే కుండలు తెస్తున్నవేందే?"

"పారలు వాళ్లే తెచ్చుకున్నరు గద. మనం గూడ ఎందుకు మొయ్యాలె?"

"వాళ్లు వినే రకం గాదే."

"వినకపోతే చూస్తరు. చెవులు లేనోళ్లకు కండ్లుంటయి. నడువు."

ఇస్రాయేలు ఒకప్పుడు ఎల్లయ్య. మిషన్ పాదిరి దగ్గర బాప్తిస్మం తీసుకున్నాక పేరు మారింది. పేరుతోపాటు నడుము కూడా మారింది, వంగడం మానేసింది. ఈ ఎండకాలం పశువులకు పెద్దరోగం వచ్చి గడి కొట్టంలో ఎడ్లు కూలినప్పుడు, చచ్చిన గొడ్డును ఈడ్చే వెట్టి ఇక చేయం అని వాడ తరఫున చెప్పింది అతడే. సుక్కమ్మ మైసమ్మను వదల్లేదు, బాప్తిస్మం తీసుకోలేదు. కానీ ఆ ఒక్క మాటలో తమ్ముడి పక్కన నిలబడింది. దొర మరిచిపోలేదు. దొరలకు వేరే పని ఉండదు కాబట్టి జ్ఞాపకం బాగా ఉంటుంది.

చేదబావి దగ్గర ఊరు సగం పోగై ఉంది. బావికి దూరంగా ఒక హద్దురాయి పాతి ఉంది. వాడ మనుషులు దాన్ని దాటకూడదు. సుక్కమ్మ దాని ఇవతల కుండ దించి, కొంగుతో మొహం తుడుచుకొని, తలెత్తి నిలబడింది.

"ఏమే సుక్కీ, లందలు పూడ్చినవా?" అన్నాడు పటేలు బుచ్చయ్య. మనిషి నాలుగు రోజుల్లో ముసలివాడైపోయాడు.

"పూడుస్త పటేలా. ఒక్క మాట తేలినంక."

"నా మనుమరాలు పాయె. ఇంకేం తేలాలె?"

ఆ పిల్ల కాళ్లకు మొదటి చెప్పులు కుట్టింది సుక్కమ్మే. చెప్పులు తొడిగితే నడవకుండా, వాటిని విప్పి చేతులకు తొడుక్కొని చప్పట్లు కొట్టింది ఆ పిల్ల.

"ఆ పిల్ల పాదం కొలత నా జేనల ఉన్నది పటేలా. నాకు లేదా దుఃఖం? గానీ పిల్లను చంపింది నా తంగేడు నీళ్లు గాదు. నోటితోటి చెప్త లేను, చూపెడ్త. నాది తప్పని తేలితే నా లందల నన్నే ఏసి పూడ్చుండ్రి."

"చూపెట్టు" అన్నాడు పటేలు. పారలు పట్టుకున్న గడి మనుషులు గొణిగారు. పటేలు వాళ్ల వైపు చూడలేదు. మనుమరాలిని పోగొట్టుకున్నవాడికి ఎవరిమీదో కోపం కావాలి. అయితే అది సరైన మనిషి మీద పడాలన్న పట్టుదల కూడా బుచ్చయ్యకు ఉంది. పాలబండలో అలాంటివాడు అతనొక్కడే. అందుకే సుక్కమ్మ గడికి పోకుండా అతని ముందుకు వచ్చింది.

ఆమె ముంత మూత తీసింది. పులిసిన కల్లు వాసన గుప్పుమంది.

"పొద్దుగాలనే ఏసినవా?" అన్నాడు గుంపులో ఒకడు. నవ్వులు లేచాయి.

"నాకైతే దాచుకొని తాగుదును బిడ్డా, నీ ముందట ఎందుకు తీస్త?" అంది సుక్కమ్మ. "కల్లుల తుప్పు మేకులు, పాత నాడాలు నానేసిన నీళ్లు గివి. నీ కాళ్లకున్న చెప్పుల నలుపు యాడికెళ్లి వచ్చిందనుకున్నవు?"

అడిగినవాడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. కొత్త మేకు దొరకదు కానీ పాత తుప్పుకు కరువు లేదు. చెప్పులకు నలుపు వేసే వాళ్లందరి ఇళ్లలో అలాంటి ముంత ఒకటి చూరు కింద ఉంటుంది.

సుక్కమ్మ చట్టిలో చెలిమ నీళ్లు పోసింది. తేటగా ఉన్నాయి. తన కుండలోని తంగేడు నీళ్లు కొద్దిగా దొప్పలోకి తీసుకొని ఒక చుక్క జార్చింది. రంగు తెలియనంత పలుచగా కలిసిపోయింది. తర్వాత ముంత వంచి ఇనుప నీళ్లు ఒక చుక్క వేసింది.

చట్టిలో పొగలాంటిది లేచింది. అది పాకి, ముదిరి, నీళ్లన్నీ కాటుక కలిపినట్టు నల్లబడ్డాయి.

ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

"చూసిన్రు గద. తంగేడు సొచ్చిన నీళ్లకు ఇనుము తగిల్తే నలుపెక్కుడే. దాపెడ్దామన్నా దాగదు. అందుకే లంద కాడికి మేము ఇనుప కత్తి తీస్కపోం. మా తాత ఒకపారి మేకు జారవిడిస్తే తోలంతా మచ్చలైంది. మా అవ్వ ఆయనను ఇంట్లకు రానియ్యలే, ఆ తోలు మీదనే పండుకొమ్మన్నది."

ఈసారి నవ్వింది ఆడవాళ్లు.

"ఇప్పుడు మీ బావి నీళ్లు పొయ్యుండ్రి."

పోయడానికి ఎవరు వస్తారన్న ప్రశ్న వచ్చింది. గడికి నీళ్లు మోసే గుర్వయ్య ముందుకు వచ్చాడు. నీళ్లు ముట్టే పని ఊళ్లో అతనిదే. సుక్కమ్మ చట్టిని కడిగి, బోర్లించి దులిపి నేల మీద పెట్టింది. గుర్వయ్య చేదబావి నీళ్లు తోడుకొచ్చి, మైల తగలకుండా ఎత్తు నుంచి పోశాడు. వాసనకు అతని ముక్కు ముడుచుకుంది. సుక్కమ్మ ఇనుప నీళ్లు ఒక చుక్క వేసింది. ఇంకో చుక్క వేసింది. పటేలును పిలిచి చట్టి చూపించింది.

నీళ్లు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. కొంచెం తుప్పు పసుపు. అంతే.

"నల్లబడలే" అన్నాడు పటేలు.

"బడదు. ఇంకో ముచ్చట పటేలా. మీ చేదలు ఇనుపయి. నా తంగేడు మీ బావిల సొచ్చి ఉంటే, ఈ పాటికి మీ చేదలు బొగ్గులెక్క అయ్యేటివి. ఎవలి చేదన్నా నల్లబడ్డదా, చూసుకోండ్రి."

ఆడవాళ్లు తమ చేదలను తిప్పి తిప్పి చూసుకున్నారు. ఒక్కటీ నల్లబడలేదు. అందరి కళ్ల ముందు రోజూ ఉన్న సాక్ష్యం అది. కానీ తప్పు మోపడానికి తొందరపడ్డవాడు తన చేతిలోని చేదను చూసుకోడు.

యాదమ్మ అనే కాపు ముసలమ్మ అడగవలసిన మాట అడిగింది. "మరి నీళ్లు కంపెందుకు కొడ్తున్నయే సుక్కమ్మా?"

"గదే నేను గూడ అడుగుతున్న అవ్వా. ఎండకాలంల సచ్చిన గడి ఎడ్లను యాడ పెట్టిన్రు?"

పటేలు నుదురు ముడిచాడు. "మీరు ఈడ్వమంటిరి గద. గుంత తవ్వి పాతిపెట్టమని గుర్వయ్యకు చెప్పిన."

"పాతిపెట్టిన పటేలా" అన్నాడు గుర్వయ్య వెంటనే. ఆ వెంటనే అనడమే అతని తప్పు.

"యాడ పాతినవు గుర్వయ్యా?" అంది సుక్కమ్మ.

"గుట్ట కింద."

"గుట్ట కింద జానెడు తవ్వితే బండ తగుల్తది. మా నాయిన పీనుగకే గుంత దిగక పైన రాళ్లు పేర్చినం. మా నాయిన ఎద్దుకన్న పెద్దోడేం గాదు."

"నాకు దిగింది."

"సరే. గుట్ట కాడి పాడుబావి మీద తుమ్మకంప ఎవలు కప్పిన్రు?"

"మేకలు పడకుంట కప్పిన."

"మా తాతల సంది పడని మేకలకు ఈ యేడే కండ్లు కనపడ్త లెవ్వా?"

పటేలు గుర్వయ్య వైపు తిరిగాడు. గుర్వయ్య చెడ్డవాడు కాదు. ఎండలో బండ నేల తవ్వాలంటే ఒళ్లు వంగలేదు. దగ్గర్లో నీళ్లు లేని బావి నోరు తెరుచుకొని ఉంది. చచ్చిన ఎడ్లను అందులోకి దొర్లించి పైన కంప కప్పాడు. పాలబండలో ఎవరైనా అదే చేసేవారు, ఎండిన బావి చచ్చిన బావి అని అందరి నమ్మకం. బద్ధకం చిన్న తప్పే. కానీ ఊళ్లను ముంచేవి ఎప్పుడూ చిన్న తప్పులే. పెద్ద తప్పులకు కాపలా ఉంటుంది.

"దొర్లించిండే అనుకుందాం" అన్నాడు పటేలు గొంతు తగ్గించి. "పాడుబావిల సుక్క నీళ్లు లేవు. అది గుట్ట కాడ, ఇది ఊరి నడుమ. నీళ్లు లేని బావి నుంచి రోగం నడిచొస్తదా?"

"మృగశిర వాన పాడుబావిల పడ్డదా లేదా పటేలా?"

"పడకేం చేస్తది?"

"నిలిచినయా నీళ్లు?"

"నా చిన్నప్పటి సంది ఆ బావిల నీళ్లు నిలువయి. అందుకే అది పాడుబావి."

"నిలువలేదంటే పోయినయి. యాటు పోయినయి?"

తరతరాలుగా ఆ బావిలో నీళ్లు నిలవవని చెప్పుకున్నారే కానీ, నిలవని నీళ్లు ఎటు పోయాయని పాలబండలో ఎవరూ అడగలేదు.

సుక్కమ్మ గుట్ట వైపు చెయ్యి చాపింది. గుట్ట దగ్గర మొదలై, చేల మధ్య అక్కడక్కడ తేలుతూ, ఊళ్లోకి వచ్చి చేదబావి గోడలో దూరే తెల్లరాతి చార ఒకటి ఉంది. ఊరికి పాలబండ అని పేరు పెట్టింది ఆ చారే.

"గా తెల్ల చార చూడుండ్రి. పాడుబావి దాని మీదనే ఉన్నది, చేదబావి దాని మీదనే ఉన్నది. రెండు జాతుల రాళ్లు కలిసేకాడ పొడుగూత నెర్రె ఉంటది. బండ గట్టిదని అనుకుంటం. గట్టిదే, నెర్రె కాడ గాదు. మట్టిలైతే నీళ్లు ఇంకుకుంట, వడకట్టుకుంట పోతయి. నెర్రెల పోస్తే వెదురు బొంగుల పోసినట్టే. ఇటు ఏది పోస్తే అటు అదే వస్తది. వాన ఎద్దులను కడిగింది. మీరు ఆ కడిగిన నీళ్లు తాగిన్రు."

యాదమ్మ పక్కకు తిరిగి ఉమ్మింది. ఇంకొకామె తన చేదను నేలమీద పెట్టి దూరంగా జరిగింది.

"రాళ్ల లోపల సంగతి నీకెట్ల ఎరుక?" అన్నాడు పటేలు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

"నా మూడో లందను అడుగు. వాడంతా దాన్ని తాగుబోతు లంద అంటది. పొద్దుమీకి నింపితే తెల్లారేసరికి సగం మింగుతది. ఈ ఎండకాలం సంది పట్టింది దానికి ఈ రోగం. బంకమన్ను మెత్తిన, సున్నం మెత్తిన, ఆగలే. అడుగున నెర్రె ఇచ్చింది."

"అక్కా, ఇగ చాలు" అన్నాడు ఇస్రాయేలు మెల్లగా.

సుక్కమ్మ వినలేదు. గెలుస్తున్న మనిషి చెవి మొద్దుబారుతుంది.

"మరి ఆ మింగిన నీళ్లు యాటు పోతున్నయి?" అంది యాదమ్మ.

"యాటు పోతయి అవ్వా, వాగు దిక్కు. పల్లం అటే గద. గడి మెట్ట మీదుండె, ఊరు మెట్ట మీదుండె. నీళ్లు ఎగువకు ఎక్కుతయా?"

అందరూ తలలూపారు. నీరు పల్లమెరుగు అన్నది ఎవరూ కాదనలేని మాట. ఆ మాట సుక్కమ్మ ఎంత ధీమాగా అన్నదో గుర్తు పెట్టుకోవాలి.

పటేలు మీసం మీద చెయ్యి వేసి ఆలోచించాడు. "నువ్వన్నది నిజమైతే పాడుబావి కంప తీపిస్త. ఎద్దులే ఉంటే గుర్వయ్య సంగతి దొర చూసుకుంటడు, లందల జోలికి ఎవ్వడు రాడు. నాది పూచీ. గానీ ఒక్కటి. నల్లబడ్డ నీళ్లు నువ్వు తెచ్చినయి. అందుల ముందే ఏమన్నా కలిపినవేమో ఎవలికెరుక? గడి బావి నీళ్లు తెప్పిస్త. ఊళ్లె వాటికన్న తేట నీళ్లు లేవు. అందుల తంగేడు, ఇనుము ఏసి నల్లజెయ్యి. అప్పుడు నమ్ముత."

"తెప్పియ్యి. గానీ తోలు తగలని నీళ్లు గావాలె. మోట దించిన బావి నీళ్లయితే తోలు తంగేడు దిగి ఉంటది, లెక్కకు రావు."

గుర్వయ్యకు పౌరుషం వచ్చింది. "గడి మంచినీళ్ల బావిల తోలు దించుతరా? ఇత్తడి బిందె తప్ప ఇంకోటి దిగదు. ఇనుము గూడ దిగదు."

"అయితే ఇంకా మంచిది" అంది సుక్కమ్మ.

గుర్వయ్య బిందెతో తిరిగి వచ్చేసరికి వెనక దొర కూడా వచ్చాడు. గడి గుమ్మం దాటి దొర నడిచి రావడం అరుదు. గుంపు రెండుగా చీలి వంగింది. గొడుగు పట్టేవాడు ఒకడు, వెండి చెంబు పట్టేవాడు ఒకడు. మనుషులు వేసిన కుర్చీలో దొర కూర్చొని కాలు మీద కాలు వేశాడు.

"ఏం తమాషా బుచ్చయ్యా గిది? ఊళ్లె దవాఖాన లేదని సుక్కి హకీమైందా?"

"నీళ్ల పరీక్ష దొరా. మన బావి నీళ్లు తెప్పించిన, తేటవని."

"తేటవి గాక? ఎండకాలంల నీళ్లు అడుగంటితే వడ్డెరోళ్లను పెట్టి తూటాలు పేల్పిచ్చిన. బండ చీల్చి ఇంకింత లోతుకు దించిన్రు. ఊరంత గత్తరతోటి చస్తుంటే గడిల ఒక్కనికి తలనొప్పి లేదు. నీళ్లంటే గవి."

దొర గొప్ప చెప్పుకుంటుండగా సుక్కమ్మ తన పని చేసుకుంటోంది. గుర్వయ్య హద్దురాయి మీదుగా వంగి బిందె వంచాడు. గడి నీళ్లు చట్టిలో పడ్డాయి. ఎడమ చేతిలో తంగేడు దొప్ప, కుడి చేతిలో ఇనుప ముంత. ముందు తంగేడు వేయాలి. కానీ దొర మాటలో ఏదో ఒకటి ఆమె చెవిలో గుచ్చుకుంది, తల అటు తిప్పింది. ఇనుప చుక్క ముందే పడింది.

"జర వగరు తగుల్తున్నయి ఈ నడుమ" అంటున్నాడు దొర. "వగరు కడుపుకు మంచిదేనట."

వగరు.

తంగేడు చెక్క వగరే అది. సుక్కమ్మ చట్టిలోకి చూసింది.

పొగలాంటిది లేచింది. పాకింది. ముదిరింది. గడి నీళ్లు కాటుక కలిపినట్టు నల్లబడుతున్నాయి. ఎడమ చేతిలోని దొప్ప నిండుగానే ఉంది. అందులోంచి ఒక్క చుక్క కూడా జారలేదు.

ఎండకాలం తూటాలు పేలినప్పుడు వాడలో గుడిసెలు అదిరిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది. ఉట్టి మీది కుండలు ఒకదానికొకటి తగిలాయి. ఆ వారమే మూడో లంద నీళ్లు మింగడం మొదలుపెట్టింది. రెండు సంగతులూ తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. గడి మెట్ట మీద ఉంది, నిజమే. కానీ బావి అడుగు మెట్ట మీద ఉండదు. తూటాలతో దించిన ఆ అడుగు లంద అడుగు కంటే ఎంతో కిందికి పోయింది. పల్లాన్ని ఆమె కాళ్లతో కొలిచింది. నీళ్లు బండ లోపల కొలుచుకున్నాయి.

నిలువలేదంటే పోయినయి. యాటు పోయినయి? తన నోటి మాటే తిరిగి వచ్చి తన ముందు నిలబడింది.

తంగేడు నీళ్లతో గత్తర రాదు, మనిషి చావడు. వాడలో పిల్లలకు కడుపు నడిస్తే ఆ చెక్క నీళ్లే తాగిస్తారు. కానీ తోళ్లు నానిన నీళ్లు దొర గొంతులో దిగాయని తెలిస్తే వాడకు వాగు అవతల కూడా జాగా దొరకదు. కాలిపోయిన గుడిసెలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అని లెక్క కూడా చూడరు.

ఆమె చెయ్యి ఆలోచన కంటే ముందు కదిలింది. దొప్ప వంచి తంగేడు నీళ్లన్నీ చట్టిలో గుమ్మరించింది. అప్పుడు చట్టి పైకెత్తింది.

"చూడుండ్రి!"

"నల్లబడ్డయి" అన్నాడు పటేలు. గుంపంతా ఆ మాటే అంది. "మాట నిలుపుకున్నది. గడి నీళ్లు గూడ తంగేడు తగిల్తే నల్లబడ్డయి. చేదబావి నీళ్లు నల్లబడలే. లందలది తప్పు గాదు." పారలు పట్టిన మనుషుల వైపు తిరిగాడు. "నడువుండ్రి గుట్ట కాడికి. కంప తీద్దాం."

సుక్కమ్మ గెలిచింది. ఇస్రాయేలు మొహంలో మాత్రం రక్తం లేదు. చట్టి నల్లబడ్డప్పుడు నిండుగా ఉన్న దొప్పను అతడు కూడా చూశాడు.

మరొకరు కూడా చూశారు. గుర్వయ్య బిందె దించలేదు. హద్దురాయి మీద వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. అతని కళ్లు చట్టి మీద లేవు, ఆమె ఎడమ చేతి మీద ఉన్నాయి.

"సుక్కమ్మా" అన్నాడు, ఆమెకు ఒక్కదానికే వినపడేట్టు. "నువ్వు తంగేడు పొయ్యకముందే నల్లబడ్డయి."

ఆమె చట్టిని కిందికి దించుకుంది.

"దొర నా తోలు తీస్తడు పాడుబావి చూస్తే. నీ తోలు తీస్తడు ఈ చట్టి సంగతి తెలిస్తే. ఇద్దరికీ ఎందుకే గీ ఫికర్? పాడుబావి ముచ్చట వాపస్ తీస్కో. ఒట్టిగ అన్న, నాకు సక్కగ ఎరుక లేదు అను. నేను ఈ ముచ్చట కడుపుల పెట్టుకుంట."

బేరం వినడానికి బాగానే ఉంది. ఇద్దరూ బతుకుతారు. సాయంత్రం ఆడవాళ్లు మళ్లీ చేదబావికి వస్తారు. దప్పికైన పిల్లలు మళ్లీ ఆ నీళ్లే తాగుతారు. యాదమ్మ అప్పుడే తన చేదను చేతిలోకి తీసుకొని, బావి వైపు ఒకసారి, ఇంటి వైపు ఒకసారి చూస్తోంది.

సుక్కమ్మ చట్టి బోర్లించింది. నల్లనీళ్లు హద్దురాయి చుట్టూ పారి మట్టిలోకి ఇంకిపోయాయి.

"ఎద్దులను ఏస్తే నిండలేదా గుర్వయ్యా నీ బావి? పిల్లలను గూడ ఏస్తవా?" అంది మెల్లగా. ఆ తర్వాత మెల్లగా అనలేదు. "పటేలా! కంప ఇప్పుడే తియ్యాలె. దొర ముందటనే తియ్యాలె. నేను గూడ వస్త. యాదవ్వా, చేద దించకు. ఎవ్వరు దించొద్దు. వాడ చెలిమల నీళ్లున్నయి, రాండ్రి, మేము ముట్టుడు దోషమైతే మీరే తోడుకోండ్రి."

మాదిగవాడ చెలిమ నీళ్లకు ఊరిని రమ్మని పిలిచిన మనిషి పాలబండలో ఆమెకు ముందు లేదు. యాదమ్మ చేదను చంకన పెట్టుకొని, ఎవరినీ అడగకుండా, వాడ దారి పట్టింది.

దొర నవ్వాడు. "బాగనే ఉన్నది హకీము హుకుం. మాకెందుకు మీ చెలిమ? మా నీళ్లు మాకున్నయి" అని చెయ్యి చాపాడు. చెంబు పట్టేవాడు చెంబు అందించాడు. దొర తల వెనక్కి వంచి, పెదవికి తగలకుండా ఎత్తు నుంచి నోట్లో పోసుకున్నాడు.

గుర్వయ్య బిందెను నేలకు దించాడు. రెండు చేతులు జోడించి దొర కుర్చీ వైపు వంగాడు.

"నీ బాంచెను దొరా, ఆ నీళ్లు మింగకు."

ఇస్రాయేలు అక్క ముందుకు వచ్చి నిలబడ్డాడు. సుక్కమ్మ అతన్ని పక్కకు నెట్టి, దొర మొహంలోకి సూటిగా చూసింది. చెంబు గాలిలో ఆగింది. దొర బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నోటి నిండా నీళ్లున్నాయి. మింగలేదు, ఉమ్మలేదు. ఊరంతా ఆ గొంతు వైపే చూస్తోంది.